బండ్ల తాత చేసిన ఓడ

నా చిన్నప్పుడు నాకు ఓడ చేసిచ్చిన ఆయన జన్మలో సముద్రం చూసినవాడు కాదు. ఆయనకు తెలిసిన నీళ్లల్లా ఊరి పక్కన కొత్తగా తవ్విన కాలువ, ఏ పెళ్లికో పేరంటానికో వెళ్తే కంప్లి దగ్గర తుంగభద్ర, అందులో గుండ్రంగా తిరిగే తోలు పుట్టి. అంతే. అయినా ఆ ఓడ ఇవాళ్టికీ నా బల్ల మీద ఉంది, దాన్లో ఒక్క చెక్క కూడా కదల్లేదు. నా కీళ్లే కదిలిపోయాయి.

మాది గోదావరి సముద్రంలో కలిసే వైపు. మా నాన్న ఓడల మీద వడ్రంగి. సరుకు ఓడ ఎక్కితే ఏడాదికో రెండేళ్లకో ఇంటి మొహం చూసేవాడు. ఆయన అలా వెళ్లి ఉన్న రోజుల్లోనే మా మేనమామ బళ్లారి జిల్లాలో కాలువ కింద భూమి కొన్నాడు. వస్తూ వస్తూ మా అమ్మనూ నన్నూ తనతో తీసుకొచ్చేశాడు. అప్పుడు నాకు ఏడేళ్లు. మాలాంటి కోస్తావాళ్లు గుడిసెలు వేసుకున్న చోటును అక్కడివాళ్లు క్యాంపు అంటారు. మా క్యాంపులో ఆరు ఇళ్లు. నా ఈడు పిల్లలు ఒక్కరూ లేరు. తెల్లవారితే పెద్దవాళ్లందరూ మళ్లలోకి దిగిపోయేవారు. మా అమ్మ కూడా. బడి లేని రోజున నేను ఉదయం నుంచి సాయంత్రం దాకా మాట్లాడే మాటలు లెక్కపెడితే పది దాటేవి కావు, అవి కూడా కోళ్లతోనే.

మైలున్నర దూరంలో పాత ఊరు, అక్కడ బడి. అయ్యవారు కన్నడం చెప్పేవారు, పిల్లల్లో సగంమంది తెలుగువాళ్లే. కానీ వాళ్ల తెలుగు వేరు, నా తెలుగు వేరు. నేను నోరు తెరిచి 'ఏవండీ' అన్నానంటే బెంచీలన్నీ నవ్వేవి. మీ నాయిన ఏం చేస్తాడని ఒకసారి అడిగితే ఓడ మీద పని చేస్తాడని గొప్పగా చెప్పాను. ఓడ అంటే ఏందని అడిగారు. రెండు చేతులూ చాచి ఇంత ఉంటుందని చూపించాను. అంత పుట్టి యాడా ఉండదని తేల్చేశారు. ఆ రోజు నుంచి నేను పుట్టి పిల్లను, మా నాన్న పుట్టి తోసేవాడు.

అప్పటికే నాన్న ఉత్తరాలు ఆగిపోయి ఎనిమిది నెలలయింది. పెద్దవాళ్లు ఆ సంగతి నా ముందు మాట్లాడేవారు కాదు, కానీ మాట్లాడకపోవడం కూడా పిల్లలకు వినబడుతుంది. అత్తయ్య అమ్మ వైపు జాలిగా చూసేది. అమ్మ ఆ చూపు తప్పించుకుని చెంబు తోముకునేది. నాన్న మమ్మల్ని మరిచిపోయాడా అన్న ప్రశ్న నాకు గొంతులో చేపముల్లులా పట్టుకుంది. ఎవరినీ అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తారేమోనని భయం.

అలాంటప్పుడు పెట్టె వచ్చింది. తోరణగల్లు స్టేషనుకు పార్శిలు వచ్చిందని కబురు అందితే మామయ్య బండి కట్టాడు, నేనూ ఎక్కాను. స్టేషను పక్కన సండూరు కొండల నుంచి తెచ్చిన, ఇనుము తీసే ఎర్రరాయి గుట్టలు గుట్టలుగా పోసి ఉంది. మామయ్య లోపల సంతకాలు పెడుతున్నంతసేపూ నేను ఆ చిన్న రాళ్లు ఏరి గౌనులో పోసుకున్నాను. గుప్పెడు రాళ్లే గానీ గౌను చిరుగుతుందేమో అన్నంత బరువు. ఎందుకు ఏరానో నాకే తెలియదు. ఒంటరి పిల్లలు దొరికిందల్లా పోగేస్తారు.

కాకినాడలో ఉన్న మా పెదనాన్న పంపిన పార్శిలు అది. గోనెపట్టా విప్పితే లోపల ఒక చెక్కపెట్టె, దాని మీద అమ్మ పేరు, నాన్న చేతిరాత. పెదనాన్న రాసిన కార్డులో రెండే ముక్కలున్నాయి. ఎవరో ఓడ మనిషి ఇచ్చి వెళ్లాడనీ, తమ్ముడి సంగతి అడిగేలోపే వెళ్లిపోయాడనీ. పెట్టె నిండా సన్నసన్న చెక్కముక్కలు, వంపు ముక్కలు, పుల్లలు, చిటికెన వేలంత పీపాలు. ఏదో విదేశీ బజారులో అమ్మే బొమ్మ ఓడ సామాను. మనమే అతికించి కట్టుకోవాలి. ఎలా కట్టాలో చెప్పే కాగితం ఉంది కానీ దారిలో తడిసి నీలిమందు నీళ్లలో ముంచినట్టయింది. అమ్మ ప్రతి ముక్కనూ తీసి కింద పరిచింది. పెట్టె అడుగు తడిమింది. ఉత్తరం లేదు. ముక్కలన్నీ తిరిగి సర్దేసి నా చేతికిచ్చి, "ఆడుకో" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు భయమేసింది.

నాకు మాత్రం ఒకటే అనిపించింది. ఉత్తరం రాయనివాడు ఊరికే చెక్కలు ఎందుకు పంపుతాడు? ఓడ కడితే అందులో ఏదో కనబడుతుంది. అదే ఉత్తరం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు దాని మీదే నా ప్రాణం పెట్టుకున్నాను.

బడికి వెళ్లే దారిలో బండ్లు చేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ను బండ్ల తాత అనేది. వేపచెట్టు కింద చక్రాలు, ఇరుసులు, ఆయన ముక్కు మీద దారంతో కట్టిన కళ్లద్దాలు. ఆయన భార్య ఆ చెక్కపేళ్లే పొయ్యిలో పెట్టి అంబలి కాచేది. బడి వదిలాక పెట్టె తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక ముక్క తీసి వాసన చూశాడు, గోటితో గీకాడు, నాలుకతో కూడా తాకించాడు.

"ఈ కట్టె మన పక్క కాదు. యాడిది పాపా ఇది?"

చెప్పాను. నాన్న వడ్రంగి అనగానే ఆయన చేతిలో ముక్కను మెల్లగా కింద పెట్టాడు. "మావోడేనా? అయితే కూసో. బెరీన చేసే పని కాదు ఇది."

అలా మొదలైంది. రోజూ బడి కాగానే గంటసేపు. వంపు ముక్కలన్నీ ఒక దూలానికి వరసగా నిలబెట్టాడు. నాలుగు రోజులకు పక్కటెముకలు వచ్చాయి, వారానికి వాటి మీద పలకలు కూడా వచ్చాయి. చూస్తే అచ్చం గూడు బండి మీద వేసే గూడు. దూలం పైన, వంపులు కిందికి. తాత మురిసిపోయాడు. నాకూ అదే సరిగ్గా ఉందనిపించింది. ఓడను ఒడ్డు నుంచి చూసినదాన్నే గానీ దాని కడుపు నేనెప్పుడు చూశాను?

లోపల పెట్టే అంతస్తు పలకలు ఎక్కించాకే తేడా వచ్చింది. అవి బల్లపరుపుగా లేవు, సన్నని వంపు ఉంది. తాత చాలాసేపు చూసి, చెంబులో నీళ్లు వేలితో తీసి వాటి మీద చిలకరించాడు. నీళ్లు మధ్యలో చేరి అక్కడే నిలబడ్డాయి. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"నీళ్లు నిలబడే మిద్దె యాడైనా ఉంటాదా పాపా? ఇది తలకిందులుండాది. నలబై ఏండ్లు బండ్లు చేసి చేసి నా కండ్లకు అన్నీ బండ్లే కనపడతాండాయి."

ఓడను తిరగేసి పెట్టాడు. నీళ్లు రెండు పక్కలకూ జారిపోయాయి. వాన నీళ్లు జారేలా కప్పు వేసుకునే మట్టి మిద్దెల ఊరివాడు కాబట్టి ఆయనకు ఆ తప్పు దొరికింది. మా వైపు తాటాకు ఇళ్లవాళ్లకు దొరికేది కాదు. తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు ఆ రెండు మాటలే పట్టాయి. నాకు తెలిసిన పెద్దమనుషుల్లో కొందరికి జీవితం చాల్లేదు.

తర్వాత రోజులే నా చిన్నతనంలో నేను ఎక్కువగా మాట్లాడిన రోజులు. సూది కాల్చి పలకలకు బెజ్జాలు పెట్టేవాడు, నేను సన్నగా చీల్చిన వెదురు పుల్లలు అందులో మేకుల్లా దిగ్గొట్టేదాన్ని. తుమ్మబంకతో అతికించేవాళ్లం. పలకల సందుల్లో ఇరుసుకు పూసే నల్లటి కందెన రాశాం. గోగునార పేని తాళ్లు చేశాం. పని చేస్తూ నాన్న చెప్పినవన్నీ తాతకు అప్పజెప్పేదాన్ని. ఖాళీ ఓడ పడిపోకుండా దాని అడుగున రాళ్లు పోస్తారని చెబితే, నేను స్టేషనులో ఏరిన ఎర్రరాళ్లు తెమ్మని దాని అడుగున పరిచాడు. నాన్న అన్నిటికంటే కింది అంతస్తులో, ఓడ గోడకు ఆనుకుని పడుకుంటాడనీ, అవతలి నుంచి నీళ్లు తడుతుంటే నిద్ర పడుతుందనీ చెప్పాను. ఆయన ఉలి ఆపి విన్నాడు.

ఒకరోజు, మీ నాయిన గుర్తు ఏందని అడిగాడు. వడ్రంగి అన్నవాడు తను చేసిన వస్తువు మీద ఎక్కడో ఒకచోట తన గుర్తు చెక్కుకుంటాడట. తను చేసిన బండి పలక కింద చూపించాడు. చుక్క పెట్టిన సున్నా. "ఇంగో వడ్రంగి గుర్తు మీద బాడిశ పెట్టగూడదు. పాత కట్టె చెక్కేటప్పుడు ఆ గుర్తు కనపడితే దాన్ని ఇడిసిపెట్టి చెక్కాల," అన్నాడు. నేను చెక్కపొట్టు మీద వేలితో గీసి చూపించాను. తెరచాప లాంటి ముక్కోణం, దాని కింద అలల్లాగా రెండు అడ్డగీతలు. ఆయన తల ఊపి పనిలో పడ్డాడు.

నెలా నెలన్నరకు పెట్టె ఖాళీ అయింది. ఓడ మాత్రం పూర్తి కాలేదు. మధ్యభాగం జానెడు మాత్రమే ఉంది. తెరచాప కొయ్య మొదలు ఉంది, అంతస్తులున్నాయి, నిచ్చెన ఉంది, పీపాలున్నాయి. ముక్కు లేదు, తోక లేదు. రెండు పక్కలా తెరుచుకుని లోపలంతా బయటికి కనబడుతోంది. మిగతాది ఏదని అడిగాను. ఇంతే ఉండాదని తాత అన్నాడు. నేను పెట్టె బోర్లించి దులిపాను. నా కళ్లు ఆ పక్కనే ఉన్న పొయ్యి మీద పడ్డాయి.

ఆ తర్వాత నేనన్న మాట ఈ వయసులో రాయాలంటే సిగ్గుగా ఉంది. మా నాన్న ఓడను మీ పొయ్యిలో పెట్టుకున్నారు, దొంగలు మీరు, అన్నాను. ముసలావిడ అంబలి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఓడను అక్కడే వదిలేసి క్యాంపు దాకా పరిగెత్తాను. కోపం ఆయన మీద కాదని ఇప్పుడు తెలుసు. అంతా కట్టినా అందులో ఉత్తరం లేదు, ఉన్నది సగం ఓడ. మమ్మల్ని మరిచిపోయినవాడు సగం వస్తువు పంపక ఏం పంపుతాడు? అదీ నా బాధ. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు దాన్ని ఆ ముసలాయన మీద కుమ్మరించాను.

మూడు రోజులు బడికి వెళ్లలేదు. కడుపునొప్పి అన్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతుంటే, కాలువ గట్టు మీద ఎవరో నడిచొస్తూ కనబడ్డారు. బండ్ల తాత. వందల బండ్లు చేసినవాడు గానీ సొంత బండి లేదు ఆయనకు. భుజం మీది తువ్వాలు ఓడకు కప్పి, రెండు చేతులతో పట్టుకుని మైలున్నర నడిచొచ్చాడు. జానెడు బొమ్మ కోసం ఆయన నెత్తికి గుడ్డ లేదు. అమ్మ ఆ రోజు జ్వరంగా ఉండి ఇంట్లోనే ఉంది. గడప దగ్గరకు వచ్చి నిలబడింది.

ఆయన అరుగు మీద కూర్చుని ఓడను ఒళ్లో పెట్టుకున్నాడు. నన్ను రమ్మనలేదు. నేనే వెళ్లాను. పక్కన పడి ఉన్న చితుకుపుల్ల ఒకటి తీసి విరిచి నా చేతికిచ్చాడు. తర్వాత నా వేలు పట్టుకుని ఓడ అంచు మీద పెట్టాడు.

"ఆ పుల్ల మొన తడుము. ఇప్పుడు ఈ అంచు తడుము. ఇరిగిన కట్టె ముండ్లు ముండ్లుగా ఉంటాది. ఇది సూడు, ఎంత నున్నగుండాదో. ఇది ఇరిగింది కాదు పాపా, కోసింది. లోపల సూపీయల్లని అనుకున్నోడు కోసింది. అంతా మూసిన ఓడ ఇస్తే నీకేం కనపడతాది, బయటి చెక్క తప్ప?"

తడిమాను. నిజమే. పుల్ల గుచ్చుకుంది, ఓడ గుచ్చుకోలేదు.

"నువ్వు రాని దినాల్లో దుమ్ము తుడుస్తాంటే ఇంగొకటి కనపడింది," అంటూ ఆయన ఓడను వెలుతురుకు తిప్పాడు. అన్నిటికంటే కింది అంతస్తు, ఓడ గోడకు ఆనుకున్న పలక. దాని మీద గోటి కంటే చిన్నగా ముక్కోణం, కింద రెండు గీతలు. "మీ నాయిన పండుకునే చోటు ఇదేనేమో."

అమ్మను పిలిచాను. అమ్మ వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తి తాత మొహం వైపు చూసింది. ఆయన కాలువ వైపు చూస్తున్నాడు. అమ్మ నా తల మీద చెయ్యి వేసి, "అవును, మీ నాన్న గుర్తే," అంది. లోపలికెళ్లి పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఆయనకు ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఎండలోనే వెళ్లిపోయాడు. దొంగ అన్నందుకు క్షమించమని అడగాలని కూడా నాకు తోచలేదు. ఆ రాత్రి ఓడను పక్కన పెట్టుకుని, నాన్న పక్కన పడుకున్నట్టే పడుకున్నాను.

మా నాన్న నుంచి ఆ పెట్టె తర్వాత ఏమీ రాలేదు. మనిషీ రాలేదు, కబురూ రాలేదు. ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. కానీ ఆయన మమ్మల్ని మరిచిపోయాడని మాత్రం నేను మళ్లీ ఎప్పుడూ అనుకోలేదు. ఎవరేమన్నా నా దగ్గర సాక్ష్యం ఉంది. బడిలో ఓడను చూపించాను. అయ్యవారు దాన్ని కన్నడంలో హడగు అంటారని చెప్పి బల్ల మీద పెట్టించారు. పుట్టి పిల్ల అన్న పేరు పోలేదు గానీ, అది పిలుపుగా మారింది, వెక్కిరింత పోయింది.

నాకు పదిహేనేళ్లప్పుడు మామయ్య రాతిమిద్దె ఇల్లు కట్టాడు. సామాను మారుస్తూ అమ్మ చెక్కపెట్టెను పక్కకు దొర్లించాం. పెళ్లికి నాన్న స్వయంగా చేసిచ్చిన పెట్టె అది. ఎప్పుడూ గోడవారన, మీద బియ్యపు బస్తాలతో ఉండేది. అడుగున నాన్న గుర్తు కనబడింది. ముక్కోణం, దాని కింద గీతలు. ఒకటి, రెండు, మూడు.

మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. మూడే. చిన్నప్పుడెప్పుడో చూసినదాన్ని నేను తప్పుగా గుర్తు పెట్టుకుని రెండు గీశాను. నేను చెక్కపొట్టులో గీసిన తప్పు ఎలా ఉందో అలాగే తాత చేతి మీదుగా ఓడ మీదికి ఎక్కింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నన్ను మోసం చేశారనిపించింది. అమ్మ దగ్గరికెళ్లి, మూడు గీతలు కదా అన్నాను. అమ్మ కుండలు సర్దడం ఆపలేదు.

"నాకు తెలియదా?" అంది. ఒక కుండ మీద ఇంకొకటి బోర్లించి, "అంత ఎండలో నడిచొచ్చాడు. నీ మొహం చూశాక కాదని ఎలా అననే," అంది.

ఆ ఎనిమిదేళ్లూ అమ్మ ఆ ఓడ దుమ్ము రోజూ తుడిచింది. తక్కువైన గీతను రోజూ చూసింది. నాకొచ్చిన ఉత్తరం తనకు రాలేదని తెలిసీ, నాకొచ్చిందని సంతోషించింది. అప్పుడు ఏడ్చాను, నా కోసం కాదు.

మర్నాడు బండ్ల తాత దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లకు పొర వచ్చేసింది. చేతులతో తడిమి చక్రానికి ఆకులు అనే అడ్డకర్రలు సరిచేస్తున్నాడు. నా అడుగుల చప్పుడుకే పోల్చుకున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తయ్య ఎప్పుడూ దెప్పేది. ఆ రోజు అడగాలనుకున్నవన్నీ నాలుక చివర ఉన్నాయి.

"మీ నాయిన పడక బాగుండాదా పాపా?" అన్నాడు.

"బాగుంది తాతా," అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపి ఆకు మీద ఒక దెబ్బ కొట్టాడు. నేను ఆయన పక్కన చెక్కపొట్టులో చాలాసేపు కూర్చున్నాను. దొంగ అన్న మాటకు క్షమాపణ అప్పుడు కూడా చెప్పలేదు. చెప్పనక్కర్లేదని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు నా ఇంట్లో నేనొక్కదాన్నే. వచ్చినవాళ్లు ఓడను చూసి అయ్యో సగమే ఉందే అంటారు. సగం కాదు, లోపల కనబడాలని కోసింది అని చెబుతాను. అడుగున ఎర్రరాళ్లు అలాగే ఉన్నాయి. దగ్గరికి తీసుకుంటే బండి కందెన వాసన ఇంకా వస్తుంది. ఒకటి రెండుసార్లు పెన్సిలు చెక్కుకుని ఆ మూడో గీత గీద్దామనుకున్నాను. మానేశాను. ఇంకో వడ్రంగి గుర్తు మీద చెయ్యి పెట్టకూడదు. తను చేసిన ప్రతి బండి కిందా ఆయన తన చుక్క పెట్టిన సున్నా చెక్కాడు. ఈ ఓడను నేను బోర్లించి, తిప్పి, అద్దం పెట్టి వెతికాను. ఎక్కడా లేదు.